భారత జాతీయ పతాక వర్ణములు: చరిత్రయు, సంకేతార్థములును

నిర్వచనము, పేర్లు

భారత రాజ్యాంగ పరిషత్తు 1947 జూలై 22న ఆమోదించిన జాతీయ పతాక, అడ్డముగ సమానమైన వెడల్పు గల మూడు పట్టీలతో, పైన ముదురు కేసరి వన్నెయు, నడుమ తెలుపును, అడుగున ముదురు ఆకుపచ్చయు కలిగి, తెల్లని పట్టీ నట్టనడుమ ముదురు నీలపు చక్రము నొకదానిని ధరించి యుండును. ఆ చక్రము సారనాథమునందలి అశోక స్తంభశీర్షపు పీఠముపై చెక్కబడిన ధర్మచక్రమునకు అనుకృతి. దానికి 24 ఆకులు. పతాక వెడల్పునకును పొడవునకును గల నిష్పత్తి 2:3. పట్టీల వన్నెలను బట్టి దీనికి త్రివర్ణ పతాక యనియు, వాడుకలో మువ్వన్నెల జెండా యనియు పేర్లు కలిగినవి. నిజమునకు వస్త్రముపై గల వన్నెలు నాలుగు. చక్రపు నీలమును జనవ్యవహారము లెక్కింపలేదు.

తెలుగున పతాకను తెలుపు మాటలు పెక్కు. పడగ, టెక్కెము, సిడము అనునవి ప్రాచీన కావ్యభాషలోనివి. కేతనము, ధ్వజము, పతాక సంస్కృతమునుండి వచ్చినవి. ధ్వజ శబ్దము ముఖ్యముగ కొయ్యపై నిలుపబడిన చిహ్నమును చెప్పును. అర్జునుడు కపిధ్వజుడు, విష్ణువు గరుడధ్వజుడు అగుట ఇట్టి చిహ్నముల వలననే. బావుటా మరాఠీ నుండియు, జెండా హిందుస్తానీ నుండియు తెలుగున చేరినవి. నేడు హైదరాబాదు చెంతనున్న సాతంరాయి మొదలు శ్రీకాకుళము వఱకు సామాన్యజనుల నోట వినవచ్చునది జెండా యను మాట యొక్కటియే.

మొదటి పట్టీ పేరు విషయమున ఒక స్పష్టీకరణ మవసరము. తెలుగు పాఠశాలలలో పిల్లలు కాషాయము, తెలుపు, ఆకుపచ్చ అని వల్లించుట పరిపాటి. కషాయము నుండి పుట్టిన కాషాయ శబ్దము, సన్న్యాసుల వస్త్రములకు అద్దబడు ఎరుపు గోధుమవన్నెల కలయిక యగు కావిరంగును చెప్పును. కేసరి యనగా కుంకుమపువ్వు కేసరముల వన్నె. రాజ్యాంగ పరిషత్తు తీర్మానమున వాడబడిన మాట కేసరి. ఈ రెండును దగ్గరి వన్నెలే యైనను ఒక్కటి కావు; కాషాయ మనిన వెంటనే వైరాగ్యార్థము మనస్సునకు తోచుటచే, పతాకకు తొలినాట లేని యర్థ మొకటి ఆ మాట మూలమున దానికి చేరినది. ఈ వ్యాసమున కేసరి యను మాటయే గ్రహింపబడినది.

పతాక వర్ణముల చరిత్రలో ముఖ్యముగ గమనింపదగిన దేమన, 1921 నుండి వస్త్రముపై వన్నెలు స్వల్పభేదములతో నిలిచియుండగా, వానికి చెప్పబడిన అర్థములు 1921, 1931, 1947 సంవత్సరములలో మూడు విధముల మారుట. ఆ మూడు ఘట్టములందును తెలుగువారో, హైదరాబాదు వాసులో ప్రముఖ పాత్ర వహించిరి.

పూర్వ పతాకలు

1906 ఆగస్టు 7న కలకత్తాలోని పార్శీబగాన్ చౌకమున, వంగవిభజన వ్యతిరేకోద్యమ సందర్భమున ఎగురవేయబడిన పతాక ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వన్నెలు గలది. దానిపై ఎనిమిది పద్మములును, సూర్యచంద్రుల ఆకృతులును, దేవనాగరి లిపిలో వందే మాతర మను మాటలును ఉండెను. దానికి సన్నిహితమైన రూపము గల పతాకను మదాం భికాజీ కామా 1907 ఆగస్టు 22న జర్మనీలోని స్టుట్గార్టు నగరమున జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో ప్రదర్శించెను. 1917లో అనీబిసెంటు, తిలకుల హోంరూలు ఉద్యమ పతాకపై అయిదు ఎఱ్ఱపట్టీలు, నాలుగు ఆకుపచ్చ పట్టీలు, సప్తర్షి మండలమును సూచించు ఏడు నక్షత్రములు ఉండెను. ఒక మూలన బ్రిటిషు పతాక కూడ నుండుటచే అది జనాదరమును పొందజాలలేదు. ఈ పతాకలలో ఏదియు దేశమంతట నెలకొనలేదు.

1921: బెజవాడ (చూ. పింగళి వెంకయ్య)

కృష్ణా మండలమున భట్లపెనుమఱ్ఱు గ్రామమునందు 1876 ఆగస్టు 2న జన్మించిన పింగళి వెంకయ్య, యౌవనమున బోయరు యుద్ధమునకై దక్షిణాఫ్రికా కేగి, అచ్చట గాంధీజీని ఎరిగి, స్వదేశమునకు మరలిన పిమ్మట మునగాల సంస్థానమున ప్రత్తి వ్యవసాయ పరిశోధనము సలిపి ప్రత్తి వెంకయ్య యనియు, జపాను భాష నేర్చి జపాను వెంకయ్య యనియు, పతాకోద్యమమున జెండా వెంకయ్య యనియు ప్రసిద్ధి కెక్కెను. మచిలీపట్టణమునందలి ఆంధ్ర జాతీయ కళాశాలలో ఉపాధ్యాయుడుగ నున్న ఆయన, 1916లో వివిధ దేశముల పతాకలను వర్ణించి, భారతదేశమునకు తగిన 30 నమూనాలను సూచించుచు ఆంగ్లమున ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను.

1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశ మయ్యెను. అప్పటి సంగతులకు ప్రధానాధారము గాంధీజీ ఆ ఏప్రిలు నెలలోనే తన ఆంగ్ల వారపత్రిక యంగ్ ఇండియాలో వ్రాసిన వ్యాసము. వెంకయ్య నాలుగేండ్లుగ ప్రతి కాంగ్రెసు మహాసభలో పతాక విషయమును విడువక ప్రస్తావించుచు వచ్చెననియు, అయినను ఆయన నమూనాలలో దేశ హృదయమును కదలింపగల దేదియు తనకు కానరాలేదనియు, జలంధరు వాస్తవ్యుడగు లాలా హంసరాజు చరఖాను పతాకపై నుంచుమని సూచించిన తరువాతనే తనకు ఉత్సాహము కలిగినదనియు గాంధీజీ అందు దాచక చెప్పెను. ఎరుపు, ఆకుపచ్చ పట్టీలపై చరఖా గల చిత్రమును తయారుచేయ కోరగా, వెంకయ్య మూడు గంటలలో దానిని సిద్ధపఱచి యిచ్చెను. అప్పటికే కొంత ఆలస్య మగుటచే అది సంఘ సమావేశమున ప్రవేశపెట్టబడలేదు. బెజవాడలో ఆ పతాకను కాంగ్రెసు ఆమోదించె ననుట సామాన్యముగ వినవచ్చు మాటయే గాని, గాంధీజీ వ్రాతకు అది సరిపడదు. వెంకయ్య ఘనత కిది లోపము కాదు. నాలుగేండ్ల పట్టుదల లేకున్నచో ఆ మూడు గంటల పని జరిగి యుండెడిది కాదు.

ఆ ఆలస్యమే మంచిదైనదని గాంధీజీ తలచెను. ఎరుపు హిందువులను, ఆకుపచ్చ ముస్లిములను సూచించుచుండగా, తక్కిన మతములవారికి చోటు లేదని తోచి, వారికై తెలుపును చేర్చవలసినదని నిర్ణయించెను. ఇట్లు తెలుపు పైనను, ఆకుపచ్చ నడుమను, ఎరుపు అడుగునను గల పతాక యేర్పడెను. ఈ వరుసకును ఒక యర్థము కలదు: సంఖ్యలో అల్పులు మొదటను, వారికంటె అధికులు తరువాతను, అత్యధికులు చివరను నిలువవలెననియు, బలవంతులు బలహీనులకు అండ కావలెననియు ఆయన భావము. నేటి పాఠకునకు వింతగ తోచు విషయ మేమన, మతసంఖ్యలను బట్టి పట్టీల నమరించిన యీ పతాకయే, మతములకు అతీతమైన దని నేడు చెప్పబడు పతాకకు మాతృక యైనది.

ఆ రూపమున చిక్కులు రెండు కలవు. బల్గేరియా దేశ పతాక యందు కూడ వరుసగ తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు పట్టీలే యుండుట మొదటిది. వర్ణములకు మతార్థము చెప్పినంత కాలము, తమకు వేఱుగ వన్నె కావలెనని యితర సమాజములు కోరుట తప్పనిది యగుట రెండవది. సిక్కులు తమ పసుపువన్నెకు చోటు కోరిరి.

పతాక కొఱకు చేసిన త్యాగములు కూడ ఈ ఘట్టములోనివే. 1923లో నాగపురమున జరిగిన జెండా సత్యాగ్రహమున దేశపు నలుమూలలనుండి వచ్చినవారు చెఱసాలల కేగిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహ సమయమున మచిలీపట్టణపు కోనేరు సెంటరునందు జెండా నెత్తబోయిన తోట నరసయ్య నాయుడు, పోలీసుల లాఠీ దెబ్బలకు స్పృహ తప్పువఱకు స్తంభమును విడువలేదు. వెంకయ్య నమూనాలు గీచిన ఊరును, నరసయ్య నాయుడు దెబ్బలు తిన్న ఊరును ఒక్కటే.

1931: గుణార్థములు (చూ. పట్టాభి సీతారామయ్య)

1931లో కరాచీ మహాసభ సందర్భమున కాంగ్రెసు కార్యవర్గము పతాక విషయమై యేడుగురు సభ్యుల సంఘమును నియమించెను. అందు వల్లభభాయి పటేలు, జవాహరలాలు నెహ్రూ, అబుల్ కలాం ఆజాదు, మాస్టరు తారాసింగు, కాకా కాలేల్కరు, నా. సు. హర్దీకరు సభ్యులు, మచిలీపట్టణపు వైద్యుడు, పండితుడు అగు భోగరాజు పట్టాభి సీతారామయ్య సంచాలకుడు. ఈ సంఘము సిఫారసు చేసిన పతాక నేడు అనేకులకు తెలియనిది: అంతయు ఒక్క కేసరి వన్నె, కొయ్యవైపు పైమూలన చరఖా. ఒక్క వన్నె యైనచో మతముల లెక్కయే యుండదని వారి యూహ.

ఆగస్టులో బొంబాయిలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము దానిని అంగీకరింపక, మూడు పట్టీలనే నిలిపి, ఎరుపునకు మారు కేసరిని గైకొని, దానిని పైకి తెచ్చి, తెలుపును నడుమ నుంచి, దానిపై నీలి చరఖాను అమర్చెను. వర్ణములకు మతపరమైన అర్థము లేదని స్పష్టముగ ప్రకటింపబడెను. కేసరి ధైర్యమునకును త్యాగమునకును, తెలుపు సత్యమునకును శాంతికిని, ఆకుపచ్చ విశ్వాసమునకును వీరధర్మమునకును, చరఖా సామాన్య ప్రజల ఆశలకును చిహ్నము లనబడెను. 1931 ఆగస్టు 30న దేశమంతట పతాక దినము జరుపబడెను.

పదేండ్ల క్రితము జనసమూహములను చెప్పిన వన్నెలే యిప్పుడు సద్గుణములను చెప్పుట మొదలిడినవి. నేడు పాఠ్యపుస్తకములలో పిల్లలు చదువునది ముఖ్యముగ ఈ 1931 అర్థమే. అయినను పెద్దలు మాటలాడుకొనునప్పుడు 1921 అర్థమునకే మరలుట తఱచు. రెండర్థములును ఒకే కాలమున జనుల మనస్సులలో నిలిచియుండుటచేతనే పతాక వర్ణములను గూర్చిన వాదములలో అధిక భాగము పుట్టుచున్నది.

1947: రాజ్యాంగ పరిషత్తు

1947 జూన్ 23న రాజ్యాంగ పరిషత్తు బాబూ రాజేంద్రప్రసాదు అధ్యక్షతన పతాక సంఘము నేర్పఱచెను. అబుల్ కలాం ఆజాదు, సరోజినీ నాయుడు, రాజగోపాలాచారి, కె. ఎం. మున్షీ, అంబేడ్కరు అందలి సభ్యులు. కాంగ్రెసు పతాకను తగు మార్పులతో స్వీకరింపవలెనని సంఘము తేల్చెను.

జూలై 22న నెహ్రూ తీర్మానమును ప్రతిపాదించుచు, పట్టు ఖాదీతో నొకటి, నూలు ఖాదీతో నొకటి, రెండు పతాకలను సభకు చూపెను. చరఖాకు మారుగ చక్రమును గ్రహించుటకు ఆయన చెప్పిన హేతువు మిక్కిలి సరళమైనది: వస్త్రమునకు రెండు వైపులను ఒకే తీరుగ కనిపింపవలెను, చరఖా యైనచో రెండవ వైపున తిరుగబడును. చక్రము ఎటునుండి చూచినను చక్రమే. చరఖా యొక్క ప్రధాన భాగమును చక్రమే గనుక పూర్వ చిహ్నము పూర్తిగ తొలగలేదని సమాధానము చెప్పబడినను, చరఖా పోవుటచే గాంధీజీ మొదట మిగుల నొచ్చుకొనెను.

ఇచ్చట ఒక్క విషయము ప్రత్యేకముగ గుర్తుంచుకొనదగినది. ఆమోదము పొందిన తీర్మానమున వన్నెల పేర్లు, చక్రపు స్వరూపము, నిష్పత్తి మాత్రమే కలవు; ఏ వన్నెకును ఏ యర్థమును విధింపబడలేదు. మతార్థము ఏదియు లేదని నెహ్రూ తన ప్రసంగమున చెప్పెను. అర్థవివరణము చేసినది తెలుగు కుటుంబమున జన్మించి, తరువాత రాష్ట్రపతి పదవి నలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణను. ఆయన ప్రసంగమున కేసరి త్యాగమునకును, నాయకులు స్వలాభమును విడనాడుటకును, తెలుపు వెలుగునకును సత్యమార్గమునకును, ఆకుపచ్చ నేలతోను, సకల ప్రాణులకు ఆధారమగు చెట్టుచేమలతోను మనకు గల సంబంధమునకును చిహ్నములైనవి. చక్రము ధర్మమునకును, చలనమునకును గుర్తు. 1931 నాటి వీరధర్మపు ఆకుపచ్చ, 1947లో పంటచేల ఆకుపచ్చ యైనది. మూడు వివరణములలో సామాన్య రైతునకు అత్యంత సులభగ్రాహ్య మగునది ఇదియే యని చెప్పుట న్యాయము. ఆ దినమున చర్చకు ముగింపుగ ప్రసంగించినది హైదరాబాదు వాసి యగు సరోజినీ నాయుడు. ఆగస్టు 14 అర్ధరాత్రి సమావేశమున భారత మహిళల పక్షమున హంసా మెహతా పతాకను సభకు సమర్పించెను.

పతాకకు రూపకర్త యెవరను ప్రశ్న అప్పుడప్పుడు తలయెత్తుచుండును. 1921 నాటి మూలరూపము వెంకయ్య చేతిదని గాంధీజీ వ్రాతయే సాక్ష్యము. 1947 నాటి చక్రయుక్త రూపమును సిద్ధము చేయుటలో బద్రుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య సురయ్యా త్యాబ్జీల పాత్ర కలదని మఱి కొందఱు వాదింతురు. పరిషత్తు తీర్మానము ఏ వ్యక్తిని రూపకర్తగ పేర్కొనలేదు. ఇరువది యారేండ్ల కాలమున పలువురి చేతులలో పడి యేర్పడిన దానికి ఒక్క కర్తను నిర్ణయింప బూనుట కంటె, ఎవరి పాలు ఎంతయో వేఱువేఱుగ చెప్పుట ఉచితము.

హైదరాబాదు సంస్థానము: పసుపు నుండి మువ్వన్నెకు (చూ. ఆసఫ్‌జాహీలు)

హైదరాబాదు నుండి బెంగుళూరు రహదారిపై దక్షిణముగ పోవువారికి, శంషాబాదు చేరుటకు మునుపు తగులు సాతంరాయి, నిజాము రాజ్యమున రాజధాని పరిసరపు పల్లె. శంషాబాదు నామము పాయిగా అమీరుల షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదమునుండి వచ్చినదని చెప్పుదురు. 1947 ఆగస్టు 15న ఢిల్లీలో త్రివర్ణ పతాక యెగురుచుండగా, ఈ ప్రాంతమున అధికార పతాక మఱియొకటి.

ఆసఫ్‌జాహీ పతాక పసుపు వన్నెది. దాని నడుమ తెల్లని గుండ్రని గుర్తు. ఆ గుర్తు కుల్చా యను రొట్టె యని ప్రసిద్ధి. వంశకర్త యగు మీర్ ఖమరుద్దీన్ ఖాను దక్కను పాలనకు వచ్చుటకు మునుపు హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ యను సూఫీ గురువును దర్శింపగా, ఆయన పసుపు వస్త్రమున మూటగట్టిన కుల్చాల నిచ్చి తినుమనెననియు, ఖాను ఏడింటిని తినగా, ఏడు తరములు రాజ్య మేలుదు రని దీవించెననియు ఐతిహ్యము. ఆసఫ్‌జా బిరుదము నొందినవారు ఏడుగురే యగుటచే ఈ కథ హైదరాబాదు ప్రజల నోట మిక్కిలి నిలిచినది. ఇది చరిత్ర కాక ఐతిహ్యమే యైనను, వర్ణమునకు ఒక కథయు, ఒక ఆశీర్వచనమును ఎట్లు అర్థ మగునో చూపుటకు ఇంతకు మించిన యుదాహరణము తెలుగు దేశమున లేదు. త్రివర్ణ పతాకకు అర్థములు వ్యాసములలోను, సభలలోను చెప్పబడినవి. పసుపు పతాకకు అర్థము జనశ్రుతిలో పుట్టినది.

1947 జూన్ నెలలో నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను, బ్రిటిషువారు వైదొలగిన పిమ్మట తన సంస్థానము స్వతంత్రముగ నుండునని ఫర్మానా వెలువరించెను. హైదరాబాదు స్టేటు కాంగ్రెసు భారత యూనియనులో చేరిక కోరుచు ఆగస్టు 7న సత్యాగ్రహమును ప్రారంభించెను. భారత పతాక నెగురవేయుట సంస్థానమున నిషేధింపబడెను. ఆగస్టు 15న స్టేటు కాంగ్రెసు అధ్యక్షుడగు స్వామి రామానంద తీర్థ నిర్బంధింపబడెను. ఇతర ప్రాంతములలో పండుగ చేసికొనిన జెండా, ఇచ్చట కొంగున దాచుకొని తేవలసిన వస్తువైనది. ఓరుగల్లు మండలమున పరకాలలో 1947 సెప్టెంబరు 2న త్రివర్ణ పతాక నెత్తుటకై కూడిన ప్రజలపై తుపాకులు ప్రేలి, పలువురు అసువులు బాసిరి. అచ్చట నేడు అమరధామ మను స్మారకము గలదు.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో యథాతథ ఒడంబడిక జరిగినను కల్లోలము శమింపలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యములు సంస్థానమున ప్రవేశించెను. 17న నిజాము యుద్ధవిరమణ ప్రకటించెను. 18న సంస్థాన సేనాధిపతి ఎల్ ఇద్రూస్, మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి యెదుట లొంగిపోయెను. ఇట్లు సాతంరాయి వంటి గ్రామములకు త్రివర్ణ పతాక దేశమునకంటె పదుమూడు మాసములు ఆలస్యముగ వచ్చినది. 1950 జనవరి 26 నుండి 1956 వఱకు ఏడవ ఆసఫ్‌జాహీ ప్రభువే రాజప్రముఖుడుగ ఆ పతాక క్రింద పదవి నిర్వహించెను. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణ గ్రామములలో కమ్యూనిస్టుల ఎఱ్ఱజెండా కూడ బలముగ నుండుటచే, ఆ యేండ్లలో ఒకే తరమువారు పసుపు, ఎరుపు, మువ్వన్నె పతాకలను మూడింటిని చూచిరి.

సెప్టెంబరు 17కు గల పేర్లు నేటికిని భిన్నములు. కేంద్ర ప్రభుత్వము హైదరాబాదు విమోచన దినమనియు, తెలంగాణ ప్రభుత్వము 2022లో జాతీయ సమైక్యతా దినమనియు, 2024లో ప్రజాపాలన దినోత్సవమనియు జరిపినవి. దినమునకు పేరేదైనను అన్నిచోట్ల ఎగురవేయబడినది ఒకే జెండా.

ప్రమాణములు, తయారీ

పతాక తయారీకి భారత ప్రమాణముల సంస్థ నిర్ణయించిన ప్రమాణమునకు మొదటి సంఖ్య యీయబడినది. 1951లో వెలువడి, 1964, 1968లలో సవరింపబడిన ఈ ప్రమాణము, వన్నెలను మాటలతో గాక కొలతలతో నిర్ణయించును. ప్రకాశ పరిమాణము తెలుపునకు 72.6, కేసరికి 21.5, ఆకుపచ్చకు 8.9. కంటికి ముదురుగ తోచు ఆకుపచ్చ నిజమునకు కేసరిలో సగము కంటె తక్కువ వెలుగును మాత్రమే ప్రతిఫలింపజేయు నన్నమాట. పతాక పరిమాణములు తొమ్మిది. మిక్కిలి పెద్దది 6300 × 4200 మిల్లీమీటర్లు, మిక్కిలి చిన్నది 150 × 100. 900 × 600 పతాకపై చక్రపు వ్యాసము 185 మిల్లీమీటర్లు. చక్రము రెండు వైపులను కానరావలెను.

ఖాదీ పతాకల తయారీకి పేరొందినది కర్ణాటకమున హుబ్బళ్ళి సమీపమునందలి బెంగేరి గ్రామపు ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘము. చేత వడికి, చేత నేసిన వస్త్రమే వాడవలెనను నియమము 2021 డిసెంబరు 30 నాటి సవరణతో సడలి, యంత్రములపై నేసిన పాలియెస్టరు జెండాలకును అనుమతి లభించినది. ఇందువలన జెండాలు అగ్గువ యైనవి. ఖాదీ నేతగాండ్రకు మాత్రము గిరాకి తగ్గినది.

ప్రమాణపు పరిమాణములకు మించిన పతాకలును కలవు. హైదరాబాదున హుస్సేనుసాగరు తీరపు సంజీవయ్య ఉద్యానమున 2016 జూన్ 2న, 291 అడుగుల స్తంభముపై 108 అడుగుల పొడవు, 72 అడుగుల వెడల్పు గల పతాక ఎగురవేయబడెను. అంత పెద్ద వస్త్రము సాగరముపై వీచు గాలి తాకిడికి నిలువలేక చినుగుటచే పలుమార్లు మార్చవలసి వచ్చినది.

ఉపయోగ నియమములు, గ్రామాచారము

పతాక వినియోగమును 2002 జనవరి 26 నుండి అమలునందున్న పతాక నియమావళియు, జాతీయ గౌరవ చిహ్నముల అవమానమును నివారించు 1971 నాటి చట్టమును శాసించును. చట్టోల్లంఘనమునకు మూడేండ్ల వఱకు చెఱసాల కలదు. పౌరుడు తన యింట జెండా నెగురవేయుట భావప్రకటన స్వాతంత్ర్యములోని దని 2004 జనవరి 23న సర్వోన్నత న్యాయస్థానము నవీన్ జిందాల్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. మునుపు సూర్యోదయము నుండి సూర్యాస్తమయము వఱకు మాత్రమే యెగురవలసిన జెండాను, 2022 జూలై నుండి పౌరులు రాత్రివేళ కూడ ఉంచవచ్చును.

వర్ణములకు సంబంధించిన నియమములు ముఖ్యముగ స్థానమును గూర్చినవి. అడ్డముగ నుంచినప్పుడు కేసరి పైన నుండవలెను. గోడపై నిలువుగ వ్రేలాడదీసినప్పుడు చూచువారి యెడమ చేతివైపున కేసరి రావలెను. 2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయము వంటి చోట్ల ఒక ప్రత్యేక నియమము వర్తించును: రాష్ట్రపతి దేశమున పర్యటించునప్పుడు, విమానము నెక్కు లేక దిగు ప్రక్కన పతాక ప్రదర్శింపబడును. ప్రముఖుల విమానములపై వాడు పతాక 450 × 300 మిల్లీమీటర్లు. మోటారు కార్లపైది 225 × 150.

ఆగస్టు 15న జెండాను స్తంభపు అడుగునుండి పైకి లాగుదురు. జనవరి 26న ముందుగనే పైన ముడివేసి యుంచిన జెండాను విప్పుదురు. మొదటిది ఆరోహణము, రెండవది ఆవిష్కరణము. పల్లెలలో రెంటికిని జెండా ఎగురవేయుట యనియే వాడుక. పాఠశాల ప్రాంగణమున ముందు దినమే ఇనుప గొట్టమునకు సున్నము పూసి, అడుగున ముగ్గు వేసి, తాడు కప్పీలో సరిగ నాడుచున్నదా యని ఉపాధ్యాయుడు రెండు మూడు పర్యాయములు లాగి చూచును. మడతలో బంతి, గులాబి రేకులుంచి, ఒక్క లాగునకు ఊడు ముడి వేయుటలో నేర్పు కావలెను. ముడి బిగిసినచో గీతము మొదలు కాక అందఱును మెడలెత్తి నిలువవలసి వచ్చును. పూవురేకులుంచుటను నియమావళి అనుమతించును.

సాయంకాలము దించిన పిమ్మట మడచుటకును ఒక పద్ధతి కలదు. వస్త్రమును అడ్డముగ పఱచి, కేసరి, ఆకుపచ్చ పట్టీలను తెల్లపట్టీ క్రిందికి మడచి, ఆపైన తెల్లపట్టీని రెండు ప్రక్కలనుండి నడుమకు మడచినచో, చక్రమును, కేసరి ఆకుపచ్చల అంచులును మాత్రమే కానవచ్చును. అట్లు మడచినదానిని రెండు అరచేతులపై నుంచుకొని తీసికొని పోవలెను.

ఇతర దేశములతో పోలిక

ఐర్లండు పతాక యందు ఆకుపచ్చ, తెలుపు, నారింజ వన్నెలు నిలువు పట్టీలుగ నుండి, ఆకుపచ్చ ముఖ్యముగ కథోలికులను, నారింజ ప్రొటెస్టంటులను, తెలుపు వారి నడుమ శాంతిని సూచించును. 1921 నాటి మన పతాక భావమునకు ఇది మిక్కిలి సన్నిహితము. పశ్చిమాఫ్రికాలోని నైజరు దేశపు పతాక నారింజ, తెలుపు, ఆకుపచ్చ అడ్డపట్టీలతో, నడుమ నారింజ బింబముతో, దూరమునుండి చూచువారికి మన జెండా యని భ్రమ గొలుపును. అర్థములు మాత్రము వేఱు.

జీర్ణ పతాకల విసర్జనము

చినిగినను, వెలిసినను పతాకను ఎగురవేయరాదు. దానిని ఏకాంతమున, గౌరవమునకు లోపము రాకుండ, దహనాది విధముల పూర్తిగ విసర్జింపవలెనని నియమము. కాగితపు జెండాలకును ఇది వర్తించును. వానిని నేలపై పాఱవేయరాదు. బెంగుళూరు రహదారి కూడళ్ళలో ఆగస్టు 15న కాగితపు జెండాలు వేలకొలది అమ్ముడుపోయి, మఱునాడు వానిలో కొన్ని వానబురదలో చక్రాల క్రింద నలుగుచు కనిపించుచున్నవి. కావున జెండా కొన్నవారు ఉత్సవము ముగిసిన పిమ్మట దానిని ఇంటికి తీసికొని పోయి భద్రపఱుపవలెననియు, దారిలో పడియున్నది కంటబడినచో ఏరి తీయవలెననియు పాఠకులకు విన్నపము.